ఉమ్మనీటి కబురు విన్నాక...

ఆదివారం ఆరాధన ముగియబోయే ముందు కాపరి ఒక కాగితం తీసి చదువుతారు. ఫలానా వారి కుమారునికీ, ఫలానా వారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైందనీ, ఈ పెళ్లికి న్యాయమైన అభ్యంతరం ఎవరికైనా ఉంటే తెలియజేయాలనీ ప్రకటిస్తారు. వరుసగా మూడు ఆదివారాలు ఈ ప్రకటన వినిపిస్తుంది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల సంఘాల్లో మనం చిన్ననాటి నుంచీ వింటున్న మాటలే ఇవి. అభ్యంతరం చెప్పేవారు దాదాపు ఉండరు. ఇరువైపులవారూ బంధువులైతే ఆ ప్రకటన కూడా లాంఛనమే. బావామరదళ్ల పెళ్లికి ఇంకెవరిని అడగాలి?

అయితే ఆ కాగితంలో ఎక్కని సంగతి ఒకటుంది. అది ఆ ఇద్దరి రక్తంలో ఉంటుంది. వాళ్లకే తెలియదు. మనమూ అడగం.

అలాంటి ఒక జంటను ఊహించుకుందాం. ఇద్దరూ ఆరోగ్యవంతులే. పెళ్లయిన రెండో ఏడు బిడ్డ పుట్టింది. ఏడాది తిరగకముందే పాప చేతులూ కాళ్లూ వాచాయి. ఒళ్లు పాలిపోయింది, కళ్లు పచ్చబడ్డాయి. రాత్రంతా ఒకటే ఏడుపు. ఊళ్లో మందులు వాడారు, ప్రార్థన చేయించారు. చివరకు పెద్దాసుపత్రిలో రక్తపరీక్ష చేసి ‘సికిల్ సెల్ ఎనీమియా’ అన్నారు. ఇప్పుడు ఆమె మళ్లీ గర్భవతి. ‘ఈసారి ముందుగానే చూద్దాం, ఉమ్మనీరు పరీక్ష చేయించుకుంటారా?’ అని డాక్టరు అడిగారు. ఆ సాయంత్రం భార్యాభర్తలు కాపరి ఇంటి గుమ్మంలో నిలబడ్డారు. ‘అయ్యగారూ, చేయించుకోవచ్చా? అది పాపమా?’

మనలో ఎంతమంది దగ్గర జవాబుంది? నిజం చెప్పుకోవాలంటే ఇంతకాలం మన జవాబు మౌనమే. ఆ మౌనం గురించే ఈ వారం మాట్లాడుకుందాం.

రక్తంలో కొడవలి

ఆరోగ్యవంతుని ఎర్రరక్తకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ఎంత సన్నని రక్తనాళంలో నుంచైనా వంగి జారిపోతుంది. సికిల్ సెల్ వ్యాధిలో ఆ కణంలోని హిమోగ్లోబిన్ మారిపోయి ఉంటుంది. మార్పు చాలా చిన్నది. ఒక వరుసలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం స్థానంలో మరొకటి చేరుతుంది. అంతే. కాని ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆ కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. సన్నని నాళాల్లో చిక్కుకుని రక్తప్రవాహాన్ని అడ్డుకుంటుంది. ఎముకల్లో భరించలేని నొప్పి వస్తుంది. అలాంటి కణాలు త్వరగా నశిస్తాయి గనుక రక్తహీనత వస్తుంది. ప్లీహం దెబ్బతినడం వల్ల పసిబిడ్డలకు న్యుమోనియా వంటి జబ్బులు ప్రాణాంతకమవుతాయి.

ఈ కొడవలి కణాల గురించి వైద్య పత్రికలో మొదట రాసింది షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్. అది 1910లో. మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసుల్లో దీన్ని గుర్తించారు. తర్వాత మధ్య భారతమంతటా, మన ఆదిలాబాద్ అడవుల్లోని గోండులు, కోలాములు వంటి ఆదివాసుల్లోనూ కనబడింది. ఇది ఆదివాసులకే పరిమితమనుకుంటే పొరపాటు. పెన్‌గంగ, ప్రాణహిత నదులకు ఆవలనున్న విదర్భలో షెడ్యూల్డు కులాల్లోనూ, వెనుకబడిన తరగతుల్లోనూ ఉంది. నది ఆ ఒడ్డుకూ ఈ ఒడ్డుకూ వియ్యాలు సాగే ప్రాంతం మనది.

అడవి జనంలోనే ఇది ఎందుకెక్కువ? జవాబు ఆశ్చర్యంగా ఉంటుంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచే ఈ జన్యువు అందినవారు రోగులు కారు, వాహకులు మాత్రమే. వారికి ప్రమాదకరమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. 1954లో ఆంథనీ ఆలిసన్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికాలో ఈ సంగతి నిరూపించాడు. దోమలు ముసిరే అడవుల్లో మన పూర్వికుల్లో కొందరిని బతికించిన జన్యువే ఇది. దీన్ని శాపం అనేముందు ఆ సంగతి గుర్తు చేసుకోవాలి.

చిక్కంతా ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకున్నప్పుడే వస్తుంది. ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. తల్లిదండ్రుల్లా వాహకుడయ్యే అవకాశం నాలుగింట రెండు వంతులు. జన్యువు అసలే అందకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. ‘మొదటి బిడ్డకు వచ్చింది, ఇక మిగతా ముగ్గురికీ రాదు’ అని కొందరు లెక్క వేసుకుంటారు. ఆ లెక్క తప్పు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే. తలసేమియాకూ ఇదే సూత్రం. ఒకరు సికిల్ సెల్ వాహకులై, మరొకరు బీటా తలసేమియా వాహకులైనా బిడ్డకు జబ్బు రావచ్చు. మేనరికాల్లో ఒకే తాత నుంచో, అమ్మమ్మ నుంచో దిగివచ్చిన జన్యువు రెండు వైపులా ఉండే అవకాశం ఎక్కువ. అందుకే ఆ పెళ్లిళ్లలో జాగ్రత్త మరింత అవసరం.

పాశ్చాత్య దేశాల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వ్యాధి కూడా ఇలాగే సంక్రమిస్తుంది. ఊపిరితిత్తుల్లో జిగట శ్లేష్మం పేరుకుని, జీర్ణశక్తి దెబ్బతినే జబ్బు అది. మన దేశంలోనూ ఉంది కాని, తరచుగా గుర్తింపుకు రాకుండా పోతుంది. దాని జన్యువును 1989లో కనుగొన్న బృందాల నాయకుల్లో ఒకరు ఫ్రాన్సిస్ కాలిన్స్. తర్వాతి కాలంలో మానవ జీనోం ప్రాజెక్టుకు సారథ్యం వహించిన ఆయన తాను క్రీస్తు విశ్వాసినని బహిరంగంగా చెప్పుకున్న శాస్త్రవేత్త. ఆ జబ్బుకూ కడుపులో ఉండగానే ఉమ్మనీటి ద్వారా పరీక్ష ఉంది.

ఉమ్మనీరు ఏం చెబుతుంది?

బిడ్డ తల్లి కడుపులో ఉమ్మనీటిలో తేలుతూ పెరుగుతుంది. బిడ్డ ఒంటి నుంచి రాలే కణాలు ఆ నీటిలో కలుస్తాయి. ఆ కణాల్లో బిడ్డ జన్యువులన్నీ ఉంటాయి. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కాన్, డోజీ అనే శాస్త్రవేత్తలు ఈ కణాల్లోని డి.ఎన్.ఏ. ఆధారంగా సికిల్ సెల్‌ను పుట్టకముందే గుర్తించవచ్చని 1978లో చూపించారు. అంతకు ముందు ఇందుకోసం పిండం నుంచి రక్తమే తీయవలసి వచ్చేది. అది చాలా ప్రమాదంతో కూడిన పని.

ఈ పరీక్షను ఆమ్నియోసెంటెసిస్ అంటారు. సాధారణంగా 16వ వారం ప్రాంతంలో చేస్తారు. స్కానింగ్‌లో బిడ్డను చూస్తూ, తల్లి పొట్ట మీద నుంచి సన్నని సూదితో నాలుగు టీస్పూన్లకు మించకుండా ఉమ్మనీరు తీస్తారు. ఇంకా ముందే తెలుసుకోవాలంటే 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న నమూనా తీసే పద్ధతి కూడా ఉంది. రెండింటిలోనూ గర్భస్రావం జరిగే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. అనుభవం ఉన్న చేతుల్లో అది నూటికి ఒకటి కంటే తక్కువ. నమూనా తీసే ముందే తల్లిదండ్రులిద్దరి రక్తం పరీక్షించి, వారిలో ఉన్న జన్యుమార్పు ఏమిటో తేల్చుకోవాలి. ఆ పని చివరి నిమిషంలో మొదలుపెడితే రోజులు చాలవు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాదుకు 300 కిలోమీటర్లు. హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. వంటి సంస్థలు జన్యుసలహాలు, పరీక్షలు అందిస్తున్నాయి. కాని కూలికి పోతేనే పూట గడిచే కుటుంబానికి ఆ ప్రయాణమే పెద్ద పరీక్ష.

ఉమ్మనీరు చెప్పలేనిది కూడా ఒకటుంది. బిడ్డకు వ్యాధి ఉందో లేదో అది చెబుతుంది. ఆ బిడ్డ ఎంత బాధపడుతుందో, ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పదు. ఒకే జన్యుమార్పు ఉన్న ఇద్దరిలో ఒకరు నెలనెలా ఆసుపత్రి పాలైతే, ఇంకొకరు చదువుకుని, ఉద్యోగం చేసి, పిల్లల్ని కని పెంచుతారు. మన దేశంలోని రోగుల్లో చాలామందికి పసితనపు హిమోగ్లోబిన్ కొంత ఎక్కువగా మిగిలి ఉండటం వల్ల జబ్బు తీవ్రత తగ్గడం కూడా ఉంది. కాబట్టి పరీక్ష కాగితాన్ని తీర్పు కాగితంలా చదవకూడదు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. కడుపులోని బిడ్డ ఆడో మగో తెలుసుకోవడాన్ని నిషేధించే 1994 నాటి చట్టమే, హిమోగ్లోబిన్ వ్యాధుల వంటివాటిని గుర్తించే పరీక్షలను అనుమతిస్తుంది. అయితే నమోదైన కేంద్రంలో, తల్లి రాతపూర్వక సమ్మతితోనే చేయాలి. బిడ్డ లింగం చెప్పడం నేరం. ఇక గర్భస్రావం విషయంలో 2021లో సవరించిన చట్టం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయంతోనూ, కొన్ని పరిస్థితుల్లో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతోనూ అనుమతిస్తుంది. పిండంలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చితే ఆ తర్వాత కూడా వీలుంది. చట్టం అనుమతించినదల్లా చేసి తీరాలని కాదు. చేయించుకోవాలా వద్దా అన్నది ఆ తల్లి నిర్ణయం. ఆమెను ఎవరూ బలవంతపెట్టకూడదు, భర్తయినా, అత్తయినా, డాక్టరైనా, కాపరైనా!

ఎవరి పాపం?

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. బిడ్డకు జబ్బని తెలియగానే ఆ తల్లి చెవిన పడే మొదటి మాట ఏమిటి? ‘ఎవరు చేసిన పాపమో!’ తండ్రుల దోషం మూడు నాలుగు తరాలను వెంటాడుతుందని నిర్గమకాండం నుంచి ఒక వచనం తీసి, ఆమె గాయం మీద పెట్టేవారు మన సంఘాల్లోనే ఉన్నారు. జన్యువు తరతరాలుగా దిగివస్తుంది గనుక ఆ మాట అతికినట్టే అనిపిస్తుంది. కాని అది ఆ జబ్బు గురించి చెప్పిన మాట కాదు.

యెహెజ్కేలు 18వ అధ్యాయం తెరిచి చూడండి. తల్లిదండ్రులు చేసినదానికి తాము అనుభవిస్తున్నామని వాపోతూ ఇశ్రాయేలీయులు ఒక సామెత చెప్పుకునేవారు. ఇకమీదట ఆ సామెత మీ నోట వినిపించకూడదని దేవుడు ప్రవక్త చేత గట్టిగా చెప్పించాడు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు కూడా ఇదే దారిలో నడిచారు. పుట్టుగుడ్డివాడు ఎదురైతే వాడి మీద జాలిపడటానికి ముందే, తప్పు వాడిదా, వాడిని కన్నవారిదా అని లెక్క తేల్చుకోబోయారు. ప్రభువు ఆ రెండింటినీ కాదన్నాడు. అంతటితో ఆగలేదు. నేల మీద కూర్చునో, వంగో, మట్టి తడిపి, ఆ కళ్లకు తన చేత్తో పూశాడు. శిష్యులు కారణం వెతికారు, ప్రభువు పని మొదలుపెట్టాడు. మన సంఘం ఎవరి వెనుక నడుస్తోంది?

మన ప్రాంతానికి ఈ పాఠం కొత్తది కాదు. ఒకప్పుడు కుష్ఠురోగాన్ని కూడా శాపమనే అన్నారు. స్కాట్లండు నుంచి వచ్చిన మెథడిస్టు మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ 1915లో నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి ప్రారంభించారు. దానికి ఉదారంగా విరాళమిచ్చినవారు నిజామాబాద్‌కు చెందిన హిందూ దాత నర్సాగౌడ్. ఊరు వెలివేసినవారిని అక్కడ చేరదీసి, పుండ్లు కడిగి, మందు వేశారు. ఉత్తర తెలంగాణలో సువార్త అంటే ఏమిటో చాలామంది అలాంటి చేతుల్ని చూసి తెలుసుకున్నారు. ఆ చేతుల వారసులం మనం. కుష్ఠు అంటే జడవని సంఘం ఒక జన్యువు పేరు వింటే ఎందుకు వెనకాడాలి?

కబురు విన్నాక

గుమ్మంలో నిలబడ్డ ఆ జంటకు ఏం చెబుదాం? పరీక్ష పాపం కాదు. ఉన్న నిజాన్ని తెలుసుకోవడం దేవుని మీద అపనమ్మకం కాదు. ఎవరికీ కనబడని చోట రూపుదిద్దుకుంటున్న బిడ్డ మీద దేవుని చూపు ఉంటుందని 139వ కీర్తన మనకు నేర్పింది. ఆయన ఎప్పుడో చూసినదాన్ని మనం ఇప్పుడు కొంచెం చూస్తున్నాం, అంతే.

అయితే చూడటం ఎందుకోసం? బిడ్డ వద్దనుకోవడానికే ఈ పరీక్ష అనే అభిప్రాయం చాలామందిలో ఉంది. గర్భస్రావం గురించి ప్రొటెస్టెంట్ సంఘాలన్నీ ఒకే మాట మీద లేవు. కడుపులోని బిడ్డ దేవుడిచ్చిన ప్రాణమని మేము నమ్ముతాం. జబ్బున్నంత మాత్రాన ఆ ప్రాణం విలువ తగ్గదనీ నమ్ముతాం. అలా నమ్మేవారికి ఈ పరీక్ష వల్ల ఉపయోగం లేదా? చాలా ఉంది. బిడ్డకు జబ్బుందని ముందే తెలిస్తే కాన్పు పెద్దాసుపత్రిలో ఏర్పాటు చేసుకోవచ్చు. పుట్టిన రెండో నెల నుంచే పెన్సిలిన్ మొదలుపెట్టవచ్చు. పెన్సిలిన్ ఇచ్చిన పసిబిడ్డల్లో ప్రమాదకరమైన న్యుమోకాకస్ ఇన్‌ఫెక్షన్లు 84 శాతం తగ్గాయని 1986లో అమెరికా అధ్యయనం తేల్చింది. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో ఆ అధ్యయనాన్ని ముందుగానే ఆపేశారు. టీకాలు, ఫోలిక్ యాసిడ్, డాక్టరు సలహాతో హైడ్రాక్సీయూరియా మందు, దండిగా నీళ్లు తాగించడం, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తడం... ఇవన్నీ ఆ బిడ్డ ఆయుష్షును పెంచేవే. తెలియక పోయే ప్రాణాలే ఎక్కువ.

వైద్యం కూడా ఆగిపోలేదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ జన్యువు దొరికిన 30 ఏళ్లకు, 2019లో, అత్యధిక శాతం రోగులకు పనికివచ్చే మందుల కలయిక అమెరికాలో ఆమోదం పొందింది. సికిల్ సెల్‌కు జన్యుచికిత్స 2023 డిసెంబరులో అక్కడ అనుమతి పొందింది. దాని ఖరీదు 20 లక్షల డాలర్లకు పైమాటే గనుక ఇప్పటికి మన పేదలకు అందని ద్రాక్షే. కాని ఈనాడు కడుపులో ఉన్న బిడ్డ పెద్దదయ్యే నాటికి ఏ తలుపు తెరుచుకుంటుందో ఎవరు చెప్పగలరు?

మరి ఒక జంట మరోలా నిర్ణయించుకుంటే? మొదటి బిడ్డ నొప్పితో మెలికలు తిరుగుతుంటే రాత్రుళ్లు మేలుకుని, అప్పులపాలై, ఇక మోయలేమనుకుని కన్నీళ్లతో ఆ నిర్ణయానికి వస్తే? వాళ్లకు ప్రభుబల్ల దగ్గర చోటు లేదందామా? ఆ రాత్రుళ్లు వాళ్లతో కూర్చోని మనకు, తెల్లవారాక వాళ్ల మీద తీర్పు చెప్పే హక్కు ఎక్కడిది? బిడ్డను ఉంచుకోమని చెప్పే సంఘం, ఆ బిడ్డను పెంచడంలో పాలుపంచుకోవాలి. అది చేయని సలహా, ప్రభువు పరిసయ్యుల్లో ఖండించిన పనే అవుతుంది. ఇతరుల భుజాల మీద బరువులు పెట్టి, తాము వేలైనా కదపనివారిని ఆయన మెచ్చుకోలేదు.

సంఘం చేయగలిగింది

అన్నిటికంటే మేలైన సమయం ఉమ్మనీరు తీసే రోజు కాదు, పెళ్లి ప్రకటనకు చాలా ముందు. వాహకులో కాదో చెప్పే రక్తపరీక్ష చిన్నది. సికిల్ సెల్ నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించడం, 2047 నాటికి ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా మిగలకుండా చేయడం దాని లక్ష్యం. తెలంగాణ కూడా అందులో ఉంది. ఆ శిబిరానికి గుడి ఆవరణలో ఒక చెట్టునీడ ఇవ్వగలం. యువజన కూడికలో ఒక గంట డాక్టరును పిలిచి మాట్లాడించగలం. ప్రధానం కుదరకముందే ఇద్దరి రక్తపరీక్ష చేయించుకోవాలని పెద్దలకు నచ్చజెప్పగలం.

ఒక హెచ్చరిక. ఫలితం గుట్టుగా ఉండాలి. ‘ఆ పిల్ల రక్తంలో ఏదో ఉందట’ అనే పుకారు ఒక ఆడపిల్ల బతుకును ఎలా బుగ్గిపాలు చేస్తుందో మనకు తెలుసు. వాహకురాలు రోగి కాదు. వాహకుడు కానివాణ్ణి చేసుకుంటే ఆమె బిడ్డలకు ఈ వ్యాధి రాదు. పరీక్ష ఆడపిల్లకే కాదు, పిల్లవాడికీ చేయించాలి. లేకపోతే సహాయం కోసం మొదలుపెట్టిన పని కొత్త వెలిగా మారుతుంది.

ఇప్పటికే జబ్బుతో ఉన్న బిడ్డలున్న ఇళ్లకు మన అవసరం మరింత ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్‌ను, తలసేమియాను గుర్తించింది. ఆ ధ్రువపత్రం కోసం కాగితాలు నింపి పెట్టే చదువుకున్న యువకులు ప్రతి సంఘంలో ఉన్నారు. తలసేమియా బిడ్డలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఈస్టరుకు, క్రిస్మస్‌కు ఏర్పాట్లు చేసుకునే మనం, రక్తదానం కోసం పేర్ల జాబితా ఒకటి తయారుచేసుకోలేమా?

మార్కు సువార్త 2వ అధ్యాయంలో ఒక పక్షవాత రోగి ఉన్నాడు. అతని పేరు మనకు తెలియదు. అతని జబ్బుకు కారణమూ తెలియదు. అతన్ని మంచంతో సహా మోసుకొచ్చిన నలుగురు మాత్రం గుర్తుండిపోయారు. గుమ్మం దగ్గర జనం కిక్కిరిసి ఉంటే వాళ్లు వెనక్కి పోలేదు. పైకెక్కి, కప్పు తీసి, ప్రభువు ముందుకు దించారు. ప్రభువు వాళ్ల విశ్వాసం చూశాడని సువార్తికుడు రాశాడు.

మన పల్లెల్లో మనిషి మంచితనాన్ని కొలిచే మాట ఒకటుంది, పోయిన రోజున మోయడానికి నలుగురు ఉన్నారా లేరా అని. క్రీస్తు సంఘం కొలత వేరు. బతికుండగా మోసే నలుగురు ఉన్నారా అన్నదే దాని ప్రశ్న. ఉమ్మనీటి కబురు విని కాపరి ఇంటి గుమ్మంలో నిలబడ్డ ఆ ఇద్దరూ ఈ ఆదివారం మన వెనుక వరుసలోనే కూర్చుని ఉండవచ్చు. వాళ్ల మంచానికి ఒక కోడు పట్టుకోవడానికి ముందుకొచ్చే ఆ నలుగురిలో మనం ఒకరం కావాలి.